పర్సెంటు ఎంత వచ్చినది?

విశ్వవిద్యాలయ గ్రంథాలయములో ప్లేజియరిజం చెక్ జరుగు గది ముందర, సిద్ధాంతవ్యాసమును పెన్‌డ్రైవులో పెట్టుకొని వరుసలో నిలుచున్న పరిశోధకులు, లోపలినుండి వెలుపలికి వచ్చినవారిని అడుగు ప్రశ్న ఒక్కటే: "పర్సెంటు ఎంత వచ్చింది?" తొమ్మిది అన్నచో ముఖములు వికసించును, పదునెనిమిది అన్నచో వాడిపోవును. నాలుగైదేండ్ల శ్రమకు ఫలమైన గ్రంథములో ఏ పుట ఎక్కడి పుటతో పోలినది, ఆ పోలిక ఎట్టిది, దానికి కారణమేమి అను విచారణ ఆ సంభాషణలో ఎవరి నోటను రాదు. విద్యార్థులే కాదు, గైడులలో సైతము పెక్కుమంది మొదటి పుటమీది అంకెను చూచి, తక్కిన నివేదికను విప్పకయే పక్కన పెట్టుట నేనెఱుగుదును. ఆ అంకెను అపార్థము చేసికొనుటవలన నిర్దోషులు తలదించుకొనుటయు, దోషులు తలయెత్తుకొని తిరుగుటయు రెండును జరుగుచున్నవి గనుక, ఆ నివేదికను ఎట్లు చదువవలెనో, దానివలన ఏమి తెలియునో, ఏమి తెలియదో నాకు తెలిసినంతమేర ఇక్కడ విన్నవింపదలచితిని.

మొదట యంత్రము చేయు పని యేమో చూతము. విద్యార్థి సమర్పించిన పాఠమును అది కొన్ని కొన్ని మాటల చొప్పున, ఒక గుంపు చివర మఱియొక గుంపు మొదటితో కలియునట్లు విడదీసి, ప్రతి గుంపునకు వేలిముద్రవంటి ఒక సంఖ్యను కల్పించి, ఆ సంఖ్యలను తన భాండాగారములోని అసంఖ్యాకమైన సంఖ్యలతో సరిచూచును. సరిపోయిన చోటులనెల్ల రంగు పూసి, రంగుపడిన భాగము మొత్తములో నూటికి ఎంతయో లెక్కగట్టి మొదటి పుటపై చూపును. స్థూలముగా చెప్పవలెనన్న ఇంతే. ఆ భాండాగారములో ఇంటర్నెట్టు పుటలు, పత్రికలలోని పరిశోధనవ్యాసములు, ఇంతకుముందు ఇతర విద్యార్థులు సమర్పించిన రచనలు ఉండును. 1998లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయ వాతావరణములో పుట్టిన టర్నిటిన్ ఈ తెగలో ప్రసిద్ధమైనది. మన దేశమున గాంధీనగరములోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రము 2019లో శోధశుద్ధి అను పథకమును ఆరంభించి విశ్వవిద్యాలయములకు మొదట ఉర్కుండ్‌ను, పిమ్మట డ్రిల్‌బిట్‌ను అందజేసినది. పేరేదైనను పని ఒక్కటియే: మాటల పోలికను పట్టుట. దొంగతనమును పట్టు యంత్రము ఇంతవరకు లోకమున లేదు. పోలిక కంటికి కనబడు వస్తువు. చౌర్యము ఆ పోలికకు వెనుకనున్న నడవడి.

ఒకే వారమున నా బల్లమీదికి వచ్చిన రెండు నివేదికలను గూర్చి చెప్పెదను. మొదటిది విద్యాశాస్త్రములో ఒక యువతి వ్రాసినది. సారూప్యము 38 శాతము. అంకెను చూచిన శాఖవారు ఆమెను అప్పటికే నిందితురాలిగ చూచుచుండిరి. నివేదికను విప్పి రంగుపడిన పుటలను వరుసగా చూచితిని. పండ్రెండు శాతము ఉపయుక్త గ్రంథసూచి. గ్రంథముల పేర్లు, ముద్రణాలయముల పేర్లు లోకమంతటను ఒకే తీరుగ వ్రాయబడును గాన అవి సరిపోకున్ననే ఆశ్చర్యము. పదునాలుగు శాతము ఆమె తానే ముందుగా ఒక పత్రికలో ప్రచురించిన వ్యాసముతో పోలినది. ఆ సంగతి ఆమె ఉపోద్ఘాతమున స్పష్టముగ చెప్పుకొన్నది. ఆమె రిజిస్టరు చేసికొనిన నాటి నిబంధనలు, అనగా 2016 నాటి యూజీసీ పీహెచ్‌డీ నిబంధనలు, థీసిస్ సమర్పించుటకు ముందే ఒక వ్యాసమైన పత్రికలో అచ్చుకావలెనని శాసించినవి. శాసనమును పాటించిన ఫలమే ఆ పోలిక. ఎనిమిది శాతము బాలల ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము, 2009లోని సెక్షనుల పాఠమును, అనుబంధములోని ప్రశ్నావళియును. చట్టమును సొంత మాటలలో వ్రాయుట పరిశోధకునికి గుణము కాదు, దోషము. మిగిలిన నాలుగు శాతము విశ్వవిద్యాలయముల పేర్లు, "యాదృచ్ఛిక నమూనా పద్ధతిలో ఎంపిక చేయబడిన ఉపాధ్యాయులు" వంటి వాడుక పదబంధములు. 'ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయం' అను పేరొక్కటే ఆరు మాటలు! ఆ పేరు వ్రాసిన ప్రతివారును ఆ పేరు వ్రాసిన మఱియొకరితో పోలకతప్పదు. ఆ ముప్పదియెనిమిదింటిలో అపహృతమైనది ఒక్క వాక్యమును లేదు.

రెండవది చరిత్రలో ఒక యువకునిది. సారూప్యము 7 శాతము. శాఖవారు సంతోషించి సంతకము చేయుటకు సిద్ధముగ నుండిరి. అరువదివేల మాటల గ్రంథములో ఏడు శాతమనగా నాలుగువేల రెండువందల మాటలు. ఆ రంగు గ్రంథమంతటను చినుకులవలె చెదరియున్నచో చింత లేదు. కాని అందులో మూడువేల ఆరువందల మాటలు మూడవ అధ్యాయమునందే, పుట వెంట పుటగా, ఒకే మూలమునకు చేరియున్నవి. ఆ మూలమును అతడు సూచికలోనైన పేర్కొనలేదు. ఆ అధ్యాయమే అతని సిద్ధాంతమునకు మూలస్తంభము. ఈ రెండింటిలో ఏది శిక్షార్హమో అంకెలు చూచి చెప్పువానికిని, పుటలు చూచి చెప్పువానికిని నడుమ ఎంత దూరమున్నదో చదువరులే గ్రహింపగలరు.

అందువలన నివేదికను చేతబట్టినవాడు మొట్టమొదట చూడవలసినది మొత్తమును కాదు. ఆ మొత్తము ఎన్ని మూలములనుండి, ఎంతెంత ముక్కలుగ, గ్రంథములో ఏయే భాగములందు ఏర్పడినదో చూడవలెను. ఇరువది శాతము నూటయేబది మూలములకు పంచబడి, ఒక్కొక్కటి ఒకశాతమున కంటె తక్కువగ నున్నచో అది సాధారణముగా భాష పోలిక, శాస్త్ర పరిభాష పోలిక. అయిదు శాతమైనను ఒకే మూలమున గడ్డకట్టియున్నచో అక్కడ ఆగి చదువవలెను. మఱి యంత్రము చూపిన మూలమే అసలు మూలమని కూడ నమ్మరాదు. ఇద్దరును మూడవ గ్రంథమునుండి ఉటంకించి యుండవచ్చును; ఇంటర్నెట్టు పుటయే విద్యార్థి వ్యాసమునుండి ఎత్తుకొనియుండవచ్చును. విద్యార్థి తన ముసాయిదాను నిరుడు ఒకమాఱు చెక్ చేయించుకొనినప్పుడు అది భాండాగారమున నిలిచిపోయినచో, ఈ యేడు అతని గ్రంథము దానితోనే పోలి నూటికి నూఱు శాతము చూపవచ్చును. తన రచనను తానే దొంగిలించినట్లు నిందపడి కన్నీరు పెట్టుకొనిన వారు కలరు.

అంకె కూడ స్థిరమైనది కాదను సంగతి పలువురికి తెలియదు. ఉటంకింపులను వదలుము, సూచికను వదలుము, ఇన్ని మాటల కంటె చిన్న పోలికలను వదలుము అని యంత్రమునకు చెప్పు మీటలు కొన్ని యున్నవి. వాటిని అటునిటు తిప్పినచో ఒకే గ్రంథమునకు ఒకే గంటలో వేఱువేఱు శాతములు వచ్చును. యంత్రము మార్చినచో, దాని భాండాగారము వేఱు గాన, అంకె మఱల మాఱును. ఏ మీటలు ఎట్లుంచి తీసిన నివేదికయో చెప్పని శాతమునకు, కొలబద్ద చెప్పని కొలతకున్న విలువయే యుండును.

ఈ విషయమున మన దేశములోని చట్టమేమి చెప్పుచున్నదో చూడవలెను. ఏలయన అంకెల పాలన అచ్చటనే పుట్టినదను అపవాదు కలదు. 2018 జులైలో యూజీసీ జారీచేసిన గ్రంథచౌర్య నివారణ నిబంధనలలో నాలుగు అంతరువులు చెప్పబడినవి. పది శాతము వఱకు శిక్ష లేదు. పదికి మించి నలుబది వఱకు ఆరు నెలలకు మించని గడువులో సవరించి తిరిగి సమర్పింపవలెను. నలుబదికి మించి అరువది వఱకు ఒక యేడాది సమర్పణకు అర్హత లేదు. అరువదికి మించినచో రిజిస్ట్రేషనే రద్దు. ఇంతవఱకు అందఱికిని కంఠస్థము. కాని అదే నిబంధనలలో, తగిన అనుమతితోనో ఆధార సూచనతోనో చేసిన ఉటంకింపులు, గ్రంథసూచి, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు, సామాన్య పదములు, చట్టములు, ప్రమాణ సంకేతములు, ప్రమాణ సమీకరణములు లెక్కలోనికి రాకూడదని యున్నది. అందఱికి తెలిసిన విషయములు, కాకతాళీయముగ కలిసిన మాటలు వరుసగా పదునాలుగు వఱకు వదలవలెనని యున్నది. అభియోగము వచ్చినచో శాఖాధ్యక్షుడు, శాఖకు వెలుపలి పెద్ద ఆచార్యుడొకడు, ఈ సాధనములు చక్కగ తెలిసినవాడొకడు కూర్చున్న మండలి సహజన్యాయ సూత్రముల ననుసరించి విచారింపవలెనని యున్నది. అన్నిటికంటె ముఖ్యమైనది: దోషము నిస్సంశయముగ రుజువై, అప్పీలు మార్గములన్నియు ముగిసి, ఆ వ్యక్తికి తన పక్షము చెప్పుకొనుటకు తగిన అవకాశమిచ్చిన పిమ్మటనే శిక్ష విధింపవలెనని యున్నది. శాతముల పట్టికను గోడకంటించుకొని, ఈ చివరి షరతును మఱచిన శాఖలు చట్టమును సగమే చదివినవని నేను నిస్సంకోచముగ చెప్పగలను.

యంత్రము అధికముగ చూపు సందర్భములింతవఱకు చెప్పితిని. అసలు చూపనిది అంతకంటె పెద్దది. దానిని వివరించుటకు మన అలంకారికులు సిద్ధపఱచి యుంచిన పరిభాషకంటె మెఱుగైనది నాకు కనబడుటలేదు. 10వ శతాబ్ది నాటి రాజశేఖరుడు కావ్యమీమాంసలో హరణమును శబ్దహరణము, అర్థహరణము అని రెండుగ విభజించెను. శబ్దహరణమనగా పరుల మాటలనే తీసికొనుట. పదమును, పాదమును, అర్ధమును, వృత్తమును, తుదకు ప్రబంధమునే ఎత్తుకొనుట అని అది అయిదు తెఱగులు. అర్థహరణములో మొదటిదానికి ప్రతిబింబకల్పమని పేరు: అర్థమంతయు పరునిదే, వాక్యరచన మాత్రము వేఱు. అతనికి ముందే 9వ శతాబ్దిలో ఆనందవర్ధనుడు ఇట్టి ప్రతిబింబమును త్యజింపుమని చెప్పి, ఇద్దరు మనుష్యులు రూపమున పోలియున్నను వేఱువేఱు ప్రాణులైనట్లు, పోలికయున్నను సొంత జీవముగల రచన దోషము కాదని తీర్పు చెప్పెను. వేయేండ్లనాటి ఈ విభాగము నేటి యంత్రమునకు పెట్టిన కొలతవలె సరిపోవుచున్నది: అది శబ్దహరణమును మాత్రము చూడగలదు, అర్థహరణము దానికి దాదాపు అగోచరము.

ఒక్క ఉదాహరణ. "సాగునీటి చెరువుల నిర్వహణ గ్రామ సమష్టి బాధ్యతగా ఉన్నంతకాలము పూడికతీత సకాలములో జరిగినది" అని ఒక గ్రంథములో నున్నదనుకొందము. దానిని విద్యార్థి, ఆధారము చెప్పక, "సేద్యపునీటి తటాకాల పర్యవేక్షణ ఊరి ఉమ్మడి బాధ్యతగా ఉన్న రోజులలో పూడిక తొలగింపు వేళకు జరిగేది" అని వ్రాసెననుకొందము. రెండింటికి ఉమ్మడియైన మాట 'బాధ్యతగా' ఒక్కటియే. మాటల గుంపులను సరిచూచు యంత్రమునకు ఇక్కడ రంగు పూయుటకు ఏమియు దొరకదు. చదివినవానికి మాత్రము ఇది ప్రతిబింబమేయని మొదటి చూపులోనే తెలియును. ఇట్టి వాక్యములు పుటల తరబడి అదే వరుసలో నడచినచో, అది శబ్దహరణముకంటె పెద్ద తప్పు. ఏలయన దాచవలెనను బుద్ధి అందులో స్పష్టము. ఆంగ్ల గ్రంథమునుండి అధ్యాయమునకధ్యాయమే తెనిగించి తనదని పెట్టుకొనిన వానిని గూర్చి వేఱుగ చెప్పనేల? నన్నయ వ్యాసుని పేరు చెప్పి భారతమును తెనిగించెను గాన అది అనువాదమైనది. పేరు చెప్పకపోయినచో ఏమగునో అదియే ఇది.

తెలుగులో వ్రాసిన గ్రంథముల విషయమున ఈ యంత్రముల చూపు మఱింత మందము. మన భాషలో సంధి జరిగినచో రెండు మాటలు ఒక్కటగును. మూలములో 'వాడు అక్కడ' అని యున్నదానిని 'వాడక్కడ' అని వ్రాసినచో యంత్రమునకు అవి వేఱు మాటలు. విభక్తి ప్రత్యయమును విడదీసి వ్రాసినను, కలిపి వ్రాసినను లెక్క మాఱును. అంతకంటె పెద్ద చిక్కు అక్షరములది. మన తెలుగు శాఖలలో ఏండ్ల తరబడి సిద్ధాంతవ్యాసములు 'అను' అని పేరుగల ఫాంట్లలో డీటీపీ చేయబడినవి. తెరమీద చక్కని తెలుగే కనబడును. ఫాంటు మార్చి చూడుడు, అర్థములేని రోమను చిహ్నముల వరుస బయటపడును. యూనికోడులో టైపుచేసిన అదే వాక్యమునకును దీనికిని యంత్రము దృష్టిలో బంధుత్వమే లేదు. స్కానుచేసి పెట్టిన పాత పుస్తకములు దానికి బొమ్మలు మాత్రమే. అచ్చులో మాత్రముండి ఇంకను కంప్యూటరునకు ఎక్కని తెలుగు విమర్శగ్రంథములు ఎన్నియో! కనుక తెలుగు థీసిస్‌కు సున్న శాతము వచ్చినదన్న, యంత్రము చూడలేకపోయినదని అర్థము కావచ్చునే గాని గ్రంథము పవిత్రమైనదని కాదు. ఆ గ్రంథమును ఆ విషయములో పండిపోయిన ఆచార్యుడు చదువవలసినదే. అతనికి గుర్తువచ్చు పాత పుస్తకము యంత్రమునకు గుర్తురాదు.

అంకెకు ఇట్లు పెత్తనమిచ్చుటచే కలిగిన మఱియొక అనర్థము 'పర్సెంటు తగ్గించుట'. వ్రాసినదానిని బాగుచేయుట దీని ఉద్దేశము కాదు. మాటకు మాట మార్చి యంత్రమును దాటుట. ఇందుకొఱకు పుట్టిన సాధనములు పారిభాషిక పదములను సైతము మార్చివేయును. ఫ్రాన్సులోని తులూజ్‌కు చెందిన గియోమ్ కబనాక్ మఱి ఇద్దరు సహచరులతో కలిసి 2021లో ఇట్టి పదములను ప్రచురితమైన శాస్త్రవ్యాసములనుండియే ఏరి చూపెను. 'కృత్రిమ మేధ' అని ఆంగ్లమున అందఱు వ్రాయుచోట 'నకిలీ చైతన్యము' అనియు, 'రొమ్ము క్యాన్సరు' అనుచోట 'వక్షస్థల ప్రమాదము' అనియు అర్థము వచ్చు ఆంగ్లపదములు వాటిలో అచ్చయినవి. ఆ వ్యాసములను శాస్త్రము తెలిసినవాడు ఒక్కడైన చదివియుండినచో అవి అచ్చగునా?

చదువుటవలన కలుగు ఫలమునకు జర్మనీలో జరిగిన ప్రసిద్ధ ఉదంతమొకటి కలదు. రక్షణమంత్రి గుట్టెన్‌బెర్గ్ బైరాయిట్ విశ్వవిద్యాలయమునుండి న్యాయశాస్త్రములో డాక్టరేటు పొందినవాడు. బ్రెమెన్ విశ్వవిద్యాలయ న్యాయాచార్యుడు ఫిషర్-లెస్కానో ఆ గ్రంథమును సమీక్షించుటకు చేపట్టి, అనుమానము తోచిన వాక్యములను సాధారణమైన ఇంటర్నెట్టు శోధనలో వెదకగా, ఆధారము చెప్పని భాగములు బయటపడినవి. ఉపోద్ఘాతపు తొలి పేరాయే ఒక దినపత్రిక వ్యాసమునుండి వచ్చినదని తేలెను. 2011 ఫిబ్రవరిలో వార్త వెలువడగానే వందలాది స్వచ్ఛందులు ఆ గ్రంథమును పుటపుటయు మూలములతో పక్కపక్కన పెట్టి లోకమునకు చూపిరి. ఆ నెలలోనే విశ్వవిద్యాలయము పట్టమును ఉపసంహరించుకొన్నది. మార్చి 1న మంత్రి రాజీనామా చేసెను. అక్కడ తీర్పు చెప్పినది శాతము కాదు, పక్కపక్కన పెట్టిన పుటలు.

ఇటీవల కృత్రిమ మేధతో వ్రాసినదా, మనిషి వ్రాసినదా చెప్పెదమను అంకె యొకటి ఈ నివేదికలలో వచ్చి చేరినది. దీనిని సారూప్య శాతముతో కలిపి చూచుట మిక్కిలి ప్రమాదము. సారూప్యమునకు మూలమును పక్కన పెట్టి చూపవచ్చును, విద్యార్థి దానిని ఖండింపవచ్చును. ఈ రెండవ అంకెకు పక్కన పెట్టుటకు మూలమే లేదు, అది ఊహ. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో, ఆంగ్లము మాతృభాష కానివారు వ్రాసిన 91 టోఫెల్ వ్యాసములను ఇట్టి ఏడు సాధనములకు ఇయ్యగా, సగటున సగముకంటె ఎక్కువ వ్యాసములను అవి యంత్రరచనలని చెప్పినవి. సాదా మాటలతో వ్రాయుటయే వారి నేరమైనది. చాట్‌జీపీటీని చేసిన ఓపెన్‌ఏఐ సంస్థయే తన గుర్తింపు సాధనమును, నిర్దుష్టత చాలదని, 2023 జులైలో మూసివేసినది. తెలుగు మాధ్యమములో చదివి, కష్టపడి నేర్చుకొనిన ఆంగ్లములో థీసిస్ వ్రాయు మన పిల్లలను ఇట్టి అంకె నమ్మి శంకించుట ఘోరమైన అన్యాయము.

గైడులకు, మండలి సభ్యులకు ఒక్క విన్నపము. సంతకమునకు ముందు నివేదికను విప్పి, పెద్ద మూలములు నాలుగైదింటినైన తెఱచి, విద్యార్థి పుటను ఎడమపక్కను, మూలమును కుడిపక్కను ఉంచి చదువుడు. సందేహము తోచినచోట విద్యార్థిని పిలిచి, "ఈ భాగము ఎట్లు వ్రాసితివి? ఏ పుస్తకములు దగ్గర పెట్టుకొంటివి?" అని నెమ్మదిగ అడుగుడు. తాను చదివి వ్రాసినవాడు అరగంటసేపు చెప్పగలడు. ఎత్తివ్రాసినవాడు రెండవ ప్రశ్నకే తడబడును. భయముచే తడబడినవానికి మఱునాడు మఱల అవకాశమిండు. చిన్నతరగతులనుండి చూచి వ్రాయుటయే చదువని నేర్పబడి, ఆధారమును ఎట్లు చెప్పవలెనో ఎవరును నేర్పక ఇక్కడికి వచ్చినవానిని, తెలిసి దొంగిలించినవానితో ఒకే గాట కట్టకుడు. విద్యార్థులకు చెప్పునది: మీ చేతికి అంకె మాత్రము వ్రాసియున్న సర్టిఫికెట్టు ఇచ్చినచో దానితో తృప్తిపడక, రంగుపడిన పుటలతో కూడిన పూర్తి నివేదికను, అది ఏ మీటలు ఎట్లుంచి తీసినదో వ్రాతమూలకముగ అడిగి తీసికొనుడు.